కొలకర్ర మీద నీళ్లు: మా బడి వాననీటి ట్యాంకు డైరీ

8 ఏప్రిల్ 2023

ఈరోజు ఏడో తరగతి పిల్లలతో బడి బోరు నీళ్లు పరీక్షించాను. చిన్న గాజు గొట్టంలో నీళ్లు పోసి మందు చుక్కలు వేస్తే గులాబీ రంగు వస్తుంది. ఫ్లోరైడ్ ఎక్కువయ్యే కొద్దీ ఆ గులాబీ పసుపులోకి తిరుగుతుంది. మా నీళ్లు చూస్తుండగానే పసుపెక్కాయి. రంగుల పట్టీతో పోలిస్తే లీటరుకు 3కూ 4కూ మధ్య మిల్లీగ్రాములు. భారతీయ ప్రమాణాల ప్రకారం 1 దాటకూడదు. వేరే నీళ్లు దొరకని చోట 1.5 వరకు సరిపెట్టుకోవచ్చు. ఒక పిల్లవాడు గొట్టం వంక చూసి, పక్కవాడి నోటి వంక చూశాడు. వాళ్లలో చాలామందివి గార పళ్లు. పళ్లు లోపల తయారయ్యే వయసులో, అంటే ఎనిమిదేళ్ల లోపు, ఈ నీళ్లు తాగితే ఆ మరకలు జీవితాంతం ఉంటాయి. ఎంత తోమినా పోవు.

మాది పొదిలికీ మర్రిపూడికీ మధ్య ఉన్న మెట్ట పల్లె. కంది, పొగాకు, మిరప. మా అమ్మకు డెబ్బై దగ్గర పడ్డాయి. ఆమె మెడ తిరగదు. వెనక నుంచి పిలిస్తే మనిషి మొత్తం తిరిగి చూస్తుంది. చిన్నప్పుడు అది ఆమె నడక తీరు అనుకునేదాన్ని. ఎముకల కీళ్లు బిగుసుకుపోవడమని డిగ్రీ చదివే రోజుల్లో తెలిసింది.

ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఈ జబ్బును, అంటే ఫ్లోరోసిస్‌ను, దేశంలో మొదట గుర్తించింది మా నేల మీదే. 1930ల తొలినాళ్లలో ఎద్దులు కీళ్లు పట్టేసి అరక లాగలేకపోవడం రైతులు గమనించారు. 1937లో షార్ట్ అనే వైద్యుడూ ఆయన తోటివారూ మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా మనుషుల్లో దీన్ని గుర్తించి వైద్య పత్రికలో ప్రకటించారు. పొదిలి, దర్శి, కనిగిరి అప్పట్లో నెల్లూరు జిల్లావే. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు ఇటు వచ్చాయి, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. జిల్లా మారింది, పేరు మారింది. నీళ్లు మారలేదు.

16 ఏప్రిల్

రెండు రోజులుగా ఇంట్లో, బడిలో ఇదే చర్చ. ఏ దారి పట్టాలి?

ఊళ్లో చాలామంది ఇరవై లీటర్ల టిన్ను కొంటారు. నీటిని వడకట్టి ఆ టిన్నులు నింపే ఆర్‌ఓ ప్లాంటు తోడిన నీళ్లలో సగానికి పైగా వ్యర్థంగా వదిలేస్తుంది. ఆ వ్యర్థపు నీళ్లలో ఫ్లోరైడ్ మరింత చిక్కబడి ఉంటుంది. అవి వెళ్లి పడేది పాత చేదబావి పక్క గుంటలో. ఒక చోట తీసిన విషాన్ని పది గజాల అవతల అదే నేలకు తిరిగి పోస్తున్నాం. నేల కింది గ్రానైటు రాయి నీటిలోకి వదిలే ఫ్లోరైడ్ మొదటి ప్రమాదమైతే, దాని మీద మనం వేసిన రెండో పొర ఇది.

బడి వరండాలో ఒక పాత ఫిల్టరు ఉంది. అందులో ఉత్తేజిత అల్యూమినా గుళికలు. అవి ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచుతాయి, నిండాక క్షారంతోనూ ఆమ్లంతోనూ కడిగితే మళ్లీ పనిచేస్తాయి. పెట్టి వెళ్లినవారు కడగడం ఎలాగో ఎవరికీ నేర్పలేదు. కొన్ని నెలలకు గుళికలు నిండాయి, పిల్లలు ఆ తర్వాత కూడా ఫిల్టరు నీళ్లని నమ్మి తాగుతూనే ఉన్నారు. నన్ను అన్నిటికంటే బాధించేది ఇదే. చెడిన ఫిల్టరు ఫిల్టరు లేకపోవడం కంటే ప్రమాదం. పటిక, సున్నం కలిపి తేర్చే నల్గొండ పద్ధతి మంచిదే, కానీ అడుగున మిగిలే మడ్డిని రోజూ ఎక్కడ పోస్తాం? కాచి తాగితే పోతుందని కొందరి నమ్మకం. కాస్తే నీరు ఆవిరై, మిగిలిన నీటిలో ఫ్లోరైడ్ ఇంకా పెరుగుతుంది.

ఇక మిగిలింది వాన. వాననీరు రాతిని తాకకముందే పట్టుకోవాలి.

లెక్క: మూడు గదుల డాబా 18 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, అంటే 108 చదరపు మీటర్లు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. ఏడాదికి 600 మిల్లీమీటర్లే అనుకుని, ఐదో వంతు ఎగిరి, ఇంకి పోతుందనుకున్నా దాదాపు 51,800 లీటర్లు. బడిలో 62 మంది. మనిషికి లీటరున్నర చొప్పున రోజుకు 93 లీటర్లు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా వాన మొహం చూడం కనుక ఆ నాలుగు నెలలకు నిలవ ఉండాలి. పదివేల లీటర్ల ట్యాంకు చాలు. కొలత తేలింది: వ్యాసం 2.5 మీటర్లు, నీళ్లు నిలిచే ఎత్తు 2.05.

10 మే

అనుమతి వచ్చింది. పూర్వ విద్యార్థులు చందాలు వేసుకుని సిమెంటు, ఇనుప జాలీ కొన్నారు. బేల్దారి మేస్త్రి ఈ బడిలోనే చదివిన మనిషి. ఇటుకతో కట్టకుండా వెల్డ్‌మెష్ (అతికించిన ఇనుప తీగల జాలీ) చట్రానికి చికెన్ మెష్ (సన్నటి తీగ వల) రెండు వరసలు చుట్టి సిమెంటు పూత పూసే ఫెర్రోసిమెంటు ట్యాంకు అంటే మొదట ఆయనకు నమ్మకం కుదరలేదు. "నాలుగు సెంటీమీటర్ల గోడ పదివేల లీటర్లు ఆపుతుందా టీచరమ్మా?" అన్నారు. కుండ గోడ మందమెంత అని అడిగాను. ఆలోచించి, గుండ్రంగా ఉన్నదాన్ని నీళ్లు లోపలి నుంచి అన్ని వైపులా సమానంగా తోస్తాయని ఆయనే చెప్పారు.

బిందె పెట్టడానికి వీలుగా మోకాలెత్తు రాతి దిమ్మె కట్టి, పైన జాలీ పరిచి, పది సెంటీమీటర్ల కాంక్రీటు వేశాం. కుళాయి దగ్గర నీళ్లు పడి బురద కాకుండా మార్కాపురం పలక రాళ్లు పరిచాం. ఇసుకను సీసాలో నీళ్లతో కలిపి తేర్చి చూస్తే పైన బురద పొర తేలింది. ఆ ట్రాక్టరును వెనక్కి పంపాం. ఒక రోజు పోయింది, పోతే పోయింది.

19 మే

తప్పు చేశాం. గోడ పూతను పగలు పదకొండు గంటల దాకా సాగనిచ్చాం. ఈ ఎండలో ఒక పాలు సిమెంటుకు మూడు పాళ్ల ఇసుక కలిపిన మాలు గట్టిపడక ముందే ఎండిపోయింది. సాయంత్రానికి పడమటి వైపు వెంట్రుక వాసి పగుళ్లు, జానెడు పొడవువి ఐదు లెక్కపెట్టాను. సిమెంటు గట్టిపడడానికి తేమ కావాలి, ఎండ కాదు. ఎండితే ఆగిపోతుంది, నానితే బలపడుతుంది. ఈ ముక్క పాఠంలో చెబుతాను, పనిలో మరిచిపోయాను.

మేస్త్రి ఒక్క మాట అనకుండా ఆ భాగాన్ని గీకి, తడిపి, సిమెంటు పాలు పట్టించి మళ్లీ పూశారు. మిగతా పని తెల్లవారుజామున నాలుగు నుంచి ఏడు దాకా, మళ్లీ సాయంత్రం ఐదు తర్వాత. గోడకు గోనెసంచులు చుట్టి, 21 రోజులు వాటిని ఆరనివ్వకూడదని నిర్ణయించాం. సెలవుల్లో ఉన్న పిల్లలు వంతులు వేసుకున్నారు. మూడు గంటలకొకసారి ఇద్దరు బిందెలతో వస్తారు. లోపలికి దిగి నున్నగా రుద్దే పని మేస్త్రి ఎవరికీ ఇవ్వలేదు.

17 జూన్

డాబా శుభ్రం చేశాం. అసలు చిక్కు ఇక్కడే ఉందని పైకి ఎక్కాకే తెలిసింది. ఎండాకాలమంతా ఊరివాళ్లు బడి డాబా మీద మిరపకాయలు ఆరబోస్తారు. మూలల్లో తొడిమలు, గింజలు, ఎర్రటి దుమ్ము. ఆ కాయల మీద కొట్టిన పురుగుమందులు ఎన్నో నాకు తెలుసు, మా చేలోనూ కొడతాం. ఆ డాబా నీళ్లు పిల్లలకు పట్టలేం.

సాయంత్రం ఆరుగురు రైతుల ఇళ్లకు వెళ్లాను. ఒకరు ముభావంగా ఉన్నారు. "మరి ఎక్కడ ఆరబోసుకోవాలి?" అని ఒక పెద్దావిడ అడిగారు. న్యాయమైన ప్రశ్న. రేకుల వంటషెడ్డు నుంచి ట్యాంకుకు నీళ్లు రావు కనుక దాని పక్క ఖాళీ స్థలంలో గచ్చు వేయించి ఇస్తామని చెప్పాను. మిగిలిన సిమెంటు అటు పోతుంది. ట్యాంకు సిమెంటులో ఇరవై బస్తాలు అయిపోగా మూడు మిగిలాయి.

9 జులై

మొదటి జల్లు. డాబా మూడు తూముల్నీ కలిపి ఒకే గొట్టంలోకి తెచ్చాం. తొలి నీళ్లు దుమ్మునూ పావురాల రెట్టనూ కడిగి తెస్తాయి కనుక, అవి ట్యాంకులోకి వెళ్లకుండా పక్కన నిలువు గొట్టం ఒకటి పెట్టాం. ఆరు అంగుళాల గొట్టం, మూడు మీటర్ల ఎత్తు. అది నిండాకే నీళ్లు ట్యాంకు వైపు మళ్లుతాయి.

చాలలేదు. ట్యాంకు నోట్లో పడిన నీళ్లు పచ్చగా, వేపాకుతో వచ్చాయి. కూర్చుని లెక్క చూస్తే తప్పు తేటతెల్లం: ఆ గొట్టంలో పట్టేది 53 లీటర్లు, అంటే డాబా మీద అర మిల్లీమీటరు వాన. కనీసం ఒక మిల్లీమీటరు, 108 లీటర్లు, పారబోయాలి. గొట్టం తీసేసి 200 లీటర్ల డ్రమ్ము పెట్టాం. అడుగున సన్నటి కుళాయి కొద్దిగా తెరిచి ఉంచితే ఒక రోజులో చుక్కచుక్కగా ఖాళీ అయి తర్వాతి వానకు సిద్ధంగా ఉంటుంది. ట్యాంకు నోటికి కంకర, ఇసుక, బొగ్గు వరసల వడపోత పెట్టె. గాలిగొట్టానికీ పొంగు గొట్టానికీ దోమ దూరని జాలీ.

31 ఆగస్టు

ఏమీ లేదు. మఖ కార్తె వెళ్లిపోయింది. చేలల్లో కంది మొలక వాడిపోయింది. 1901 తర్వాత దేశంలో ఇంత పొడి ఆగస్టు లేదట. ఖాళీ ట్యాంకు ముందు నిలబడి పిల్లలు దానిలోకి కేకలు వేసి ప్రతిధ్వని వింటున్నారు. ఒక తండ్రి బడి గేటు దగ్గర ఆగి, ఆ డబ్బుతో టిన్నులు కొనిపెట్టి ఉంటే ఈపాటికి పిల్లలు తాగేవారు కదమ్మా అన్నారు. నేను బదులు చెప్పలేదు. ఆయన మాటలో కోపం లేదు, ఇద్దరు పిల్లల పళ్లున్నాయి.

23 సెప్టెంబరు

రాత్రి మంచి వాన. పొద్దున్నే కొలకర్ర దించాం. కొలకర్ర అంటే సెంటీమీటర్ల గీతలు గీసిన వెదురు బద్ద. ట్యాంకు గుండ్రం ప్రకారం ఒక సెంటీమీటరుకు 49 లీటర్లు. మునుపటి జల్లులతో కలిపి 64 సెంటీమీటర్లు. 3,136 లీటర్లు! పిల్లలు గెంతారు.

నేను రుచి చూశాను. సున్నపు రుచి, నాలుకకు జారుడు. కొత్త సిమెంటు మొదటి నీళ్లలోకి సున్నం వదులుతుంది. క్షారం ఎక్కువైతే రంగు మారే పరీక్ష కాగితం ముదురు నీలం తిరిగింది. ఈ నీళ్లు తాగించకూడదు, పారబోయాలి.

26 సెప్టెంబరు

పారబోయడానికి నాకు మూడు రోజులు పట్టింది. చెబితే తేలిగ్గా ఉంటుంది, ఈ కరువులో మూడు వేల లీటర్లు నేల మీద వదలడానికి చెయ్యి రాదు. వదలకపోతే నేను కూడా వరండాలో ఆ ఫిల్టరు పెట్టి వెళ్లినవాళ్ల లాంటిదాన్నే అవుతాను. చివరికి పిల్లలనే వరసలో నిలబెట్టి, బిందెలతో గచ్చు తడపడానికీ మరుగుదొడ్లు కడగడానికీ వాడాం. ఎందుకు పారబోస్తున్నామో ప్రతి తరగతికీ చెప్పాను. మూడో తరగతి పాప అడిగింది: "మళ్లీ వాన రాకపోతే?"

18 నవంబరు

తూర్పు వానలూ సన్నగానే ఉన్నాయి. 38 సెంటీమీటర్లు. ఈసారి రుచి బాగుంది, కాగితం రంగూ నిలకడగా ఉంది.

6 డిసెంబరు

మిచౌంగ్ తుపాను నిన్న మధ్యాహ్నం బాపట్ల దగ్గర తీరం దాటింది. బడికి సెలవు. మూడు రోజులుగా ముసురు, ఆ తర్వాత గాలివాన. కోస్తాలో పొలాలు మునిగాయన్న వార్తలు వింటూ, మా ట్యాంకు నిండాలని కోరుకోవడం నాకు బరువుగానే ఉంది. మా వాకిట్లోనూ మిరప చేను పడుకుంది.

నాలుగో తేదీ తెల్లవారుజామున గొడుగు నిలవని గాలిలో బడికి వెళ్లాను. వేపకొమ్మ విరిగి డాబా తూము మూసేసింది. ఒంటరిగా ఎక్కొద్దని అమ్మ చెప్పి పంపింది కనుక మేస్త్రిని పిలిచాను. ఆయన నిచ్చెన పట్టుకుంటే నేను ఆకులు తీశాను. నీళ్లు ఒక్కసారిగా డ్రమ్ములోకి దూకి, డ్రమ్ము నిండి, ట్యాంకులో పడే చప్పుడు మారింది. ఖాళీ మోత పోయి గుబగుబ మొదలైంది. ఇద్దరం ఆ చప్పుడు వింటూ తడుస్తూ నిలబడ్డాం.

ఐదో తేదీ సాయంత్రం 205. పొంగు గొట్టం నుంచి ఇంకుడు గుంటలోకి నీళ్లు పోతున్నాయి. మా చేతికి రాకుండా పోయినది ట్యాంకులో ఉన్నదానికి తక్కువేమీ కాదు.

16 డిసెంబరు

పదివేల లీటర్లకు 25 గ్రాముల బ్లీచింగ్ పొడి, బకెట్టు నీళ్లలో కలిపి తేర్చి, తేట మాత్రమే పోశాం. ఫ్లోరైడ్ పరీక్ష చేశాం. గొట్టంలో గులాబీ గులాబీగానే నిలిచింది. ఏప్రిల్‌లో పసుపు చూసిన పిల్లలే ఇప్పుడు దీన్ని చూశారు. తరగతిలో ఒక్కరూ మాట్లాడలేదు.

అయినా తల్లులు ఒప్పుకోలేదు. నిలవ నీళ్లు పాడవుతాయి, జలుబు చేస్తుంది, పైగా చప్పగా ఉంటాయి. మా బోరు నీళ్లు తియ్యగా ఉంటాయి, సబ్బు బాగా నురుగొస్తుంది, మంచి నీళ్లకు పెద్దలు చెప్పిన గుర్తులన్నీ వాటికి ఉన్నాయి. మోసం అక్కడే ఉంది. నీటిలో కాల్షియం ఉంటే అది ఫ్లోరైడ్‌ను పట్టి రాయిగా కూర్చోబెడుతుంది. కాల్షియం తక్కువైన మెత్తటి నీళ్లలోనే ఫ్లోరైడ్ స్వేచ్ఛగా కరుగుతుంది. బోరు ఎంత లోతుకు పోతే గ్రానైటుతో నీటి సావాసం అంత ఎక్కువ కాలం.

ఈ వివరణతో ఎవరూ కదలలేదు. మా అమ్మ కర్ర పట్టుకుని బడికి వచ్చింది. లోటాడు పట్టించుకుని, మెడ వెనక్కి వంచలేదు కనుక నడుము నుంచి వెనక్కి వాలి తాగింది. అందరూ చూశారు. "చప్పగానే ఉన్నాయి. తియ్యటివి తాగి నేనిలా అయ్యాను" అంది. సోమవారం నుంచి పిల్లలు సీసాలు పట్టుకుంటారు.

24 జనవరి 2024

సంక్రాంతి సెలవుల తర్వాత కర్ర మీద 168. ఏప్రిల్ దాకా 69 పనిదినాలు. తాగడానికి 131 సెంటీమీటర్లు పోతే 37 మిగులుతాయి. వంటమ్మ అడిగారు, అన్నానికి కూడా ఇవే నీళ్లు ఇవ్వొచ్చు కదా అని. ఆమె అడిగింది సబబు: బియ్యం ఉడుకుతూ పీల్చుకున్న నీరంతా పిల్లల పొట్టలోకే వెళుతుంది. మిగులు లెక్కకు రోజుకు 25 లీటర్లే వస్తాయి. గంజి వార్చి వండితే అది చాలదు. ఆమె అత్తెసరు పెట్టడం మొదలుపెట్టారు. కూరగాయలు, గిన్నెలు కడగడానికి బోరు నీళ్లే. ఫ్లోరైడ్ దెబ్బను తట్టుకోవడానికి కాల్షియం ఉన్న మంచి తిండి సాయపడుతుంది కనుక గుడ్డు, రాగిజావ ఎవరూ వదిలెయ్యకుండా చూస్తున్నాం.

11 మార్చి

శనివారం సాయంత్రానికీ ఈ ఉదయానికీ ఆరు సెంటీమీటర్లు తగ్గింది. కొలకర్ర బాధ్యత ఉన్న ఏడో తరగతి అమ్మాయి కళ్లనిండా నీళ్లతో వచ్చి చెప్పింది. తన కొలతే తప్పనుకుంది. తప్పు కాదు, కుళాయి వాషరు అరిగి రెండు రాత్రులు కారింది. 294 లీటర్లు, అరవై రెండు మందికి మూడు రోజుల నీళ్లు. వాషరు ధర పది రూపాయలు కూడా లేదు. దాని గురించి ముందే ఆలోచించాల్సింది నేను.

పన్నెండు రోజులు అన్నం మళ్లీ బోరు నీళ్లతో. అలా ఆ 300 లీటర్లు సర్దుతాం. ఇకమీదట సాయంత్రం కుళాయికి ముందున్న వాల్వు కట్టేస్తాం. రెండు వాషర్లు కొని బీరువాలో పెట్టాను. రోజువారీ పుస్తకంలో కొత్త గడి గీశాం: వాల్వు కట్టినవారి పేరు.

23 ఏప్రిల్

చివరి పనిదినం. 11 సెంటీమీటర్లు. 539 లీటర్లు. కుళాయి అడుగు నుంచి ఐదు సెంటీమీటర్ల పైన ఉంది, కనుక అందేది అందులో సగానికి కాస్త ఎక్కువ. పిల్లలందరూ సీసాలు నింపుకుని ఇళ్లకు వెళ్లారు. అవి రేపటికి అయిపోతాయి. సెలవుల ఏడు వారాలూ వాళ్లు తాగేది మళ్లీ ఇంటి బోరు నీళ్లే. వెలిగొండ ప్రాజెక్టు సొరంగాల నుంచి కృష్ణా నది నీళ్లు మా మెట్టకు వస్తాయని నేను పిల్లనై ఉన్నప్పటి నుంచీ వింటున్నాను, 1996లో శంకుస్థాపన చేశారు. వచ్చిన రోజు అందరికంటే ముందు బిందె పట్టుకుని నేనే వెళతాను. ఈ లోపల ఎనిమిదేళ్ల లోపు పిల్లలు ఎందరో.

మేలో చేయాల్సినవి రాసి పెట్టాను: ట్యాంకు లోపల కడగడం, వడపోత ఇసుక మార్చడం, పొంగు నీటికి ఉత్తరం వైపు రెండో ట్యాంకు. మేస్త్రి దానికి అప్పుడే తాడుతో గుండ్రం గీశారు. ఈసారి జనవరిలో కడదాం టీచరమ్మా, ఎండలో వద్దన్నారు. ఆగస్టులో గేటు దగ్గర ఆగిన తండ్రి వచ్చి తన ఇంటి డాబాకు ఎంత ట్యాంకు సరిపోతుందో లెక్క వేయించుకున్నారు. ఆయనతో కలిపి నలుగురు.

ఇంటికి వచ్చేసరికి అమ్మ అరుగు మీద టేపు పట్టుకుని ఉంది. మన డాబా కొలిచావా అని అడిగింది. లేదన్నాను. ఒక చివర తను పట్టుకుంది, కిందికి చూడలేదు కనుక గోడ అంచును వేళ్లతో తడిమి టేపు ఆనించింది. నేను రెండో చివర పట్టుకుని నడిచాను. పొడవు 7.2 మీటర్లు. వెడల్పు 5.5.